టెక్సాస్ మిడిల్ స్కూల్ రిపోర్టు: 7వ తరగతి మ్యాథ్ ఒక్కటే ఎందుకు కుంగింది?

గోదారిగట్టు
నమస్కారం అండి. పాప ఇప్పుడు ఇర్వింగ్‌లో 5వ తరగతి. వేసవిలో ఇల్లు మారాలి, డాలస్‌కి ఉత్తరాన రెండు మిడిల్ స్కూళ్లు (6-8) చూస్తున్నాం. రెండూ వేరే వేరే డిస్ట్రిక్టులు, పేర్లు పెట్టడం లేదు. టీఈఏ (టెక్సాస్ విద్యాశాఖ) సైట్లో రెండింటి టీఏపీఆర్ (స్కూళ్ల వార్షిక ఫలితాల) రిపోర్టులు తీశాను. అర్థం కానివి ఇవీ:

రాష్ట్రం ఇచ్చే రేటింగ్‌లో మొదటి స్కూలుకి 'ఏ' (A) గ్రేడ్, రెండోదానికి 'బీ'. కానీ స్టార్ (రాష్ట్రం ఏటా పెట్టే పరీక్ష) శాతాలు బీ స్కూల్లోనే ఎక్కువ! మొదటి దాంట్లో దాదాపు సగం మంది 'ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్' అని ఉంది, రెండో దాంట్లో బాగా తక్కువ. దీనివల్లేనా?

రెండో స్కూల్లో 6వ తరగతి మ్యాథ్ బాగుంది, 8వ తరగతి బాగుంది, మధ్యలో 7వ తరగతి ఒక్కటే దారుణంగా పడింది. రీడింగ్‌లో ఆ తేడా లేదు. 7వ తరగతి లెక్కల టీచర్లు బాగోలేరనుకోవాలా?

పలకాబలపం
ముందు ఆ శాతాలు చదివే పద్ధతి చూసుకోండి, చాలామంది ఇక్కడే తప్పుతారు. అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని స్టార్‌లో కింది నుంచి పైకి మూడు స్థాయిలు, మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసే ఉంటాయి. అప్రోచెస్ 90, మీట్స్ 70, మాస్టర్స్ 40 అని ఉందనుకోండి. వందలో 10 మంది తప్పారు, 20 మంది అప్రోచెస్ దగ్గరే ఆగారు, 30 మంది మీట్స్‌లో ఉన్నారు, 40 మంది మాస్టర్స్. అప్రోచెస్ అంటే పాసైనట్టే గానీ, ఆ క్లాసు పాఠం గట్టిగా వచ్చినట్టు కాదు. మన పిల్లల కోసం చూసేటప్పుడు మీట్స్, మాస్టర్స్ చూడండి.

గ్రేడ్ సంగతి. మిడిల్ స్కూలుకి 'స్టూడెంట్ అచీవ్‌మెంట్' అంటే ఆ మూడు శాతాల సగటే: (90+70+40)/3, అంటే 67. దాన్ని తర్వాత వేరే స్కేలుకి మారుస్తారు. రెండోది 'స్కూల్ ప్రోగ్రెస్'. ఇందులో రెండు భాగాలు: పిల్లలు పోయినేడాది కంటే ఎంత ఎదిగారన్నది ఒకటి, అంతే పేదరికం శాతం ఉన్న మిగతా స్కూళ్ల పక్కన పెడితే ఎలా ఉందన్నది రెండోది. ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. ఆ తర్వాత అచీవ్‌మెంట్, ప్రోగ్రెస్‌లలో మెరుగైనదానికి 70 శాతం, 'క్లోజింగ్ ద గ్యాప్స్' (పిల్లల గుంపుల వారీగా ఫలితాలు) అనేదానికి 30 శాతం. కాబట్టి సగం మంది తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలున్నా 'ఏ' రావచ్చు, అందులో మోసమేమీ లేదు. టెక్స్‌స్కూల్స్ డాట్ గవ్‌లో ఈ భాగాల్లో (డొమైన్లు) ఒక్కోదాని మార్కు విడిగా కనిపిస్తుంది. ఆ 'ఏ' ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి.

ఏ ఏడాది గ్రేడో కూడా చూడండి. కోర్టు కేసుల వల్ల 2023 గ్రేడ్లు 2025 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. 2024, 2025వి రెండూ కలిపి 2025 ఆగస్టులో ఇచ్చారు.

7వ తరగతి మ్యాథ్ మాత్రం నాకూ వింతగానే ఉంది. మామూలుగా పడాల్సింది 8వ తరగతి. బాగా చదివేవాళ్లు ఆల్జీబ్రా 1 తీసుకుని ఆ ఈఓసీ (కోర్సు ఆఖర్లో పెట్టే) పరీక్ష రాస్తారు, 8వ తరగతి స్టార్ మ్యాథ్ మిగతావాళ్లే రాస్తారు.

త్రైరాశికం
వింతేమీ లేదండీ. మీరు చెప్పిందే ఒక క్లాసు కిందికి జరిగింది. చాలా డిస్ట్రిక్టుల్లో అడ్వాన్స్‌డ్ పిల్లలకి 6, 7 తరగతుల్లోనే 8వ తరగతి సిలబస్ దాకా నడిపేస్తారు. అలాంటిచోట 7లో ఉన్న పిల్లలు 8వ తరగతి స్టార్ మ్యాథ్ రాస్తారు. రిపోర్టులో ఆ వరస పరీక్షది, పిల్లాడు కూర్చున్న క్లాసుది కాదు. 7వ తరగతి వరస నుంచి మెరికలన్నీ లేచిపోయి 8వ తరగతి వరసలో కూర్చుంటాయి. టీచర్లని అనకండి పాపం.

అంకెల్లో చూడండి (ఇవి ఊహించినవే). 7వ తరగతిలో 300 మంది. 120 మంది 8వ తరగతి పరీక్ష రాసి అందరూ మీట్స్ దాటారు. మిగిలిన 180లో 81 మంది దాటారు. రిపోర్టులో 7వ తరగతి మ్యాథ్ మీట్స్ 45 శాతం. నిజానికి 300లో 201 మంది, అంటే 67 శాతం. రీడింగ్‌లో అందరూ తమ క్లాసు పరీక్షే రాస్తారు కాబట్టి అక్కడ ఈ గొయ్యి కనపడదు.

ఎంతమంది రాశారన్నది టెక్సాస్ అసెస్‌మెంట్ రీసెర్చ్ పోర్టల్‌లో క్యాంపస్ వారీగా దొరుకుతుంది. 6, 7, 8, ఆల్జీబ్రా 1 నాలుగూ పక్కపక్కన రాసుకోండి. 7వ తరగతి రీడింగ్ రాసినవాళ్లకీ మ్యాథ్ రాసినవాళ్లకీ మధ్య తేడాయే దాదాపుగా అడ్వాన్స్‌డ్ పిల్లల సంఖ్య.

రెండు స్కూళ్లని పోల్చాలంటే 'ఆల్ స్టూడెంట్స్' గడి పక్కన ఎకో డిస్ (ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్) గడి కూడా తీసుకోండి. ఆ గుంపులో లేనివాళ్ల గడి అక్కడ ఉండదు, మనమే కట్టుకోవాలి. మొత్తం మీట్స్ 60, ఎకో డిస్ మీట్స్ 40, వాళ్ల వాటా 30 శాతం అయితే: 60 లోంచి 0.3×40 తీసేస్తే 48, దాన్ని 0.7తో భాగిస్తే సుమారు 69. రెండో స్కూలుకీ ఇదే కట్టండి. స్కూలు మొత్తం మీద కనిపించిన తేడా ఇక్కడ కొంత కరిగిపోవచ్చు.

ఒక జాగ్రత్త. ఈ ఎకో డిస్ లెక్క స్కూలు భోజనం ఫారాల మీద నిలబడింది: ఆదాయం పావర్టీ గీతకి 130 శాతం లోపు ఉచితం, 185 లోపు తగ్గింపు ధర. కొన్ని స్కూళ్లు సీఈపీ అనే ఫెడరల్ పథకం కింద అందరికీ ఉచితంగా పెడతాయి, అక్కడ ఆ దరఖాస్తే ఉండదు, వేరే ఆదాయం ఫారం మీద ఆధారపడతారు. అది నింపనివాళ్లు ఎక్కువైతే శాతం తప్పుతుంది.

గోదారిగట్టు
చాలా థాంక్స్ అండి. టీచర్ల మీద మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో రెండు. 'ఏషియన్' గడిలో కొన్నిచోట్ల చుక్కలే (*) ఉన్నాయి, అంకె లేదు. పాపకి 6లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్ కోసం మనం అప్లై చేయాలా? కొత్త డిస్ట్రిక్టులో ఇంట్లో తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు సరిగా రాని పిల్లల క్లాసు) వేస్తారా? (రెండన్నాను, మూడయ్యాయి.)

పలకాబలపం
చుక్క అంటే ఆ గుంపులో పిల్లలు మరీ తక్కువ, ఎవరిదో తెలిసిపోతుందని దాచారు. సున్నా కాదు. అయినా ఆ 'ఏషియన్'లో మనవాళ్లు, చైనా వాళ్లు, వియత్నాం వాళ్లు అందరూ కలిసే ఉంటారు, దాన్నిబట్టి తెలుగు పిల్లలు ఎలా చదువుతున్నారో చెప్పలేం.

మ్యాథ్‌కి: 2023లో వచ్చిన సెనేట్ బిల్ 2124 ప్రకారం 5వ తరగతి మ్యాథ్‌లో పై 40 శాతంలో ఉంటే 6లో అడ్వాన్స్‌డ్‌లోకి వాళ్లే వేయాలి. వద్దంటే మనం చెప్పాలి. డిస్ట్రిక్టు మారుతున్నారు కాబట్టి 5వ తరగతి స్టార్ రిపోర్టు ప్రింట్ తీసి రిజిస్ట్రేషన్ కాగితాలతో ఇవ్వండి. పాత స్కూలు నుంచి రికార్డులు వచ్చేలోపు షెడ్యూలు మామూలు మ్యాథ్‌తో తయారైపోతుంది, తర్వాత మార్చడం తలనొప్పి. కౌన్సెలర్ని అడగాల్సింది ఒక్కటే: "అడ్వాన్స్‌డ్ పిల్లలు 7లో ఏ స్టార్ రాస్తారు, 8లో ఆల్జీబ్రా 1 ఉందా?"

త్రైరాశికం
హోమ్ లాంగ్వేజ్ సర్వే (ఇంట్లో ఏ భాష అని అడిగే ఫారం) టెక్సాస్ పబ్లిక్ స్కూల్లో మొదటిసారి చేరినప్పుడు ఒక్కసారే. పాపది ఇర్వింగ్‌లో ఇచ్చేసి ఉంటారు, కొత్త డిస్ట్రిక్టు ఆ కాగితమే తెప్పించుకోవాలి. మళ్లీ నింపమంటే పాతది ఉందని చెప్పండి. తెలుగు అని రాసినంత మాత్రాన ఈఎస్ఎల్‌లో వేయరు, ఇంగ్లీషు పరీక్ష పెడతారు, అందులో రాకపోతేనే. కొత్తగా చేరేవాళ్లు పొరపాటున రాస్తే, పరీక్ష పెట్టకముందు, చేరిన రెండు వారాల్లోపు రాతపూర్వకంగా దిద్దుకోవచ్చు. ఆ తర్వాత కుదరదు.

ఇల్లు ఖాయం చేసేముందు అడ్రసుని డిస్ట్రిక్టు వాళ్ల స్కూల్ లొకేటర్‌లో కొట్టి చూడండి, ఇళ్ల యాప్‌లో చూపించే స్కూలు పేరు నమ్మొద్దు. ఉత్తరాన కొత్త స్కూలు తెరిచినప్పుడల్లా జోన్ గీతలు మారతాయి. రిపోర్టులో లెక్కలోకి వచ్చేది అక్టోబర్ ఆఖరి శుక్రవారం ఆ స్కూల్లో ఉన్న పిల్లలే. మధ్యలో జోన్ మారితే మీరు చదువుతున్న శాతాలు ఇప్పుడు పక్క స్కూల్లో కూర్చున్న పిల్లలవి.