హ్యూమిక్ యాసిడ్ స్టాండర్డ్: ఎలియట్ సాయిల్ తీసుకోవాల్నా, లియోనార్డైటా?

సార్లకు, సీనియర్లకు నమస్తే. మాది పాలమూరు. ఇక్కడి ఎర్ర చల్కల నుంచి, అలంపూర్ దిక్కు నల్లరేగడి నుంచి హ్యూమిక్ యాసిడ్ (కుళ్లిన మొక్కల నుంచి మట్టిల ఏర్పడే ముదురురంగు సేంద్రియ పదార్థం) తీసి ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో అణువుల బంధాలు చూసే పరీక్ష) చేస్తున్న. పోల్చి చూసేందుకు ఇంటర్నేషనల్ హ్యూమిక్ సబ్‌స్టాన్సెస్ సొసైటీ అమ్మే స్టాండర్డ్ శాంపిల్ తెప్పించాలె. ధర చూస్తే రెండూ కొనే స్తోమత లేదు.

ఎలియట్ అమెరికాల ఇల్లినాయిస్ గడ్డినేలల మట్టిది. మట్టికి మట్టే జోడని నా మొగ్గు అటే. మా గైడ్ సారు లియోనార్డైట్ అంటున్నరు. అది నార్త్ డకోటా గనిలో ఆక్సీకరణం చెందిన లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు). ఎరువుల దుకాణంల దొరికే నల్లటి హ్యూమిక్ ద్రావణాలు చాలావరకు ఆ జాతివే, వాటినీ పరీక్షిస్తున్నం కాబట్టి సారు మాటలోనూ న్యాయముంది. సొసైటీదే ఇంకోటి, సువానీ రివర్ శాంపిల్, నది నీళ్లలో కరిగిన పదార్థం, నాకు అక్కర్లేదు.

అసలు చిక్కు బూడిద, అంటే శాంపిల్ కాల్చినంక మిగిలే ఖనిజ భాగం. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో తీసి, పీహెచ్ 1కి దించితే గోధుమరంగు మడ్డిగ హ్యూమిక్ యాసిడ్ అడుగుకు దిగుతది, కానీ చల్క మట్టిదైతే బంకమన్ను వదలదు. ఆ బంకమన్ను కరిగించేందుకు సొసైటీ పద్ధతిల హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడుతరు, మా ల్యాబ్‌ల దానికి అనుమతి లేదు. అది లేకుండా బూడిద తగ్గించినోళ్లు ఎవరన్నా ఉన్నరా? ఎలియట్ పొడి కొన్ని మిల్లీగ్రాములు మిగిలినోళ్లుంటే కూడా చెప్పుండ్రి.