108లో పనికి ఏ స్టెతస్కోప్ కొనాలి?

కొత్త ఈఎంటీ, పల్నాడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. ఈమధ్యే 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో అత్యవసర చికిత్స చేసే ఉద్యోగిగా, చేరాను. చదువుకునేటప్పుడు కొన్న చవక స్టెతస్కోప్‌లో ఊపిరి కన్నా బయటి మోతే ఎక్కువ వినిపిస్తోంది. లిట్‌మన్ క్లాసిక్ త్రీ సరిపోతుందా, అప్పు చేసైనా కార్డియాలజీ ఫోర్ తీసుకోవాలా? మా వైపు పురుగుమందు కేసులు, యాక్సిడెంట్లు ఎక్కువ.

క్యాజువాల్టీ నర్సు, గుంటూరు:
తమ్ముడూ, అప్పు మాత్రం చేయకు. కార్డియాలజీ ఫోర్ సన్నటి మర్మర్లు (గుండెలో వినిపించే అదనపు శబ్దాలు) కూడా పట్టిస్తుంది, నిజమే. అంబులెన్సులో నీకు వాటితో పనేముంది? రెండు వైపులా గాలి సమానంగా వెళ్తోందా, పిల్లికూతలు ఉన్నాయా, క్రెప్స్ (ఊపిరితిత్తుల్లో చిటపట శబ్దాలు) ఉన్నాయా, బీపీ ఎంత. వీటికి క్లాసిక్ త్రీ చాలు. ఛాతీకి ఆనించే బిళ్లలో పెద్ద వైపు పెద్దవాళ్లకి, చిన్న వైపు పసిపిల్లలకి.

మోడల్ కన్నా ముందు చెవులు చూసుకో. ఇయర్‌టిప్స్ ముక్కు వైపు తిరిగి ఉండాలి, చెవిని పూర్తిగా మూసెయ్యాలి. కాస్త సందున్నా, ఎంత ఖరీదైనదైనా బయటి మోత లోపలికొచ్చేస్తుంది. సైజు కుదరకపోతే టిప్స్ మార్చుకో.

పురుగుమందు అన్నావు కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకో. ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగినవాళ్ల ఊపిరితిత్తులు స్రావాలతో నిండిపోతాయి. దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ సరిపోయిందా అన్నది కంటిపాప ఒక్కటే చూసి తేల్చం, ఛాతీ విని తేలుస్తాం. క్రెప్స్, పిల్లికూతలు పోవాలి, గుండె వేగం 80 దాటాలి, పై బీపీ కూడా 80 దాటాలి. ఒక్క చోటే క్రెప్స్ మిగిలిపోతే వాంతి ఊపిరితిత్తిలోకి పోయి ఉండొచ్చు, అది అట్రోపిన్ పెంచితే పోయేది కాదు. అందుకే బండి కదలకముందే రెండు చంకల కింద, వీపు అడుగున విని, ఏ వైపు ఏం వినిపించిందో ఈఆర్‌సీపీ డాక్టరుకి (108 కాల్ సెంటర్‌లో ఉండి సలహా ఇచ్చే డాక్టరు) ఫోన్లో చెప్పు, కాగితం మీదా రాయి. నువ్వు రాసిందే మాకు మొదటి లెక్క. పేషెంట్ దిగాక మేం విన్నదాన్ని దాంతోనే పోల్చుకుంటాం. ఆ ఒక్క లైన్ లేకపోతే పేషెంట్ మెరుగయ్యాడో, దిగజారాడో తెలియక మాకు ఎంత టెన్షనో!

ఇంకోటి. ఆస్తమా పేషెంట్ ఆయాసపడుతూనే ఉండి, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిందనుకోవద్దు. గాలే వెళ్లడం లేదని అర్థం.

ఈఎంటీ, ఖమ్మం:
అక్క చెప్పింది కరెక్ట్. బండి పరుగెడుతుంటే ఏ స్టెతస్కోప్‌తోనైనా బీపీ వినడం కష్టం. చేతికి బీపీ కఫ్ (గాలి పట్టీ) కట్టి గాలి నింపి, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి వదులు. నాడి మళ్లీ తగిలిన చోటే పై బీపీ. కిందిది తెలియదు, కానీ ఆ సమయానికి పైది చాలు. వినక తప్పనప్పుడు ట్యూబ్ స్ట్రెచర్ కమ్మీకి తగలనీయకు, ఆ అదురంతా చెవిలోకే వస్తుంది. శబ్దాన్ని పెంచే ఎలక్ట్రానిక్‌వీ ఉన్నాయి, కానీ డ్యూటీ మధ్యలో చార్జింగ్ అయిపోతే ఇబ్బంది.

కొత్త ఈఎంటీ, పల్నాడు:
థాంక్స్ అక్కా, అన్నా. క్లాసిక్ త్రీయే తీసుకుంటా. రక్తం, వాంతి అంటితే శానిటైజర్‌తో తుడవొచ్చా?

క్యాజువాల్టీ నర్సు, గుంటూరు:
శానిటైజర్ వద్దు తమ్ముడూ. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పేషెంట్ పేషెంట్‌కీ తుడువు, నీళ్లలో మాత్రం నానబెట్టకు. మెడ మీద చర్మానికి ఆనించి వేసుకుంటే ఒంటి జిడ్డుకి ట్యూబ్ గట్టిపడిపోతుంది, కాలర్ మీద వేసుకో. ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలెయ్యకు. కొనేటప్పుడు బిల్లు తీసుకో, నకిలీవి చాలా తిరుగుతున్నాయి.