చేపల్లో ఉష్ణరక్త లక్షణానికి జన్యువు ఒక్కటేనా?

ప్రశ్న:
చేపలన్నీ శీతల రక్త జీవులని చదువుకున్నాం. అయితే విశాఖ రేవుకు వచ్చే సూర (ట్యూనా) చేపల కండరాలు, కొమ్ము కోనాం (మార్లిన్, సెయిల్‌ఫిష్ వంటి పొడవాటి ముక్కు చేప) మెదడు, కళ్ళు చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంటాయని ఈమధ్య తెలిసింది. ఈ లక్షణం రెంటికీ ఒకే పూర్వజీవి నుంచి సంక్రమించిందా? దీనికి కారణమైన జన్యువు ఏది?

మొదటి సమాధానం:
ఒకే పూర్వజీవి నుంచి రాలేదు. 1993లో జీవశాస్త్రవేత్త బార్బరా బ్లాక్ బృందం సైటోక్రోమ్ బి అనే జన్యువు క్రమాలతో వంశవృక్షం గీసి, ఈ లక్షణం ఆ చేపల్లో వేర్వేరుగా పుట్టిందని చూపింది. కొమ్ము కోనాలు సూర చేపలకంటే ట్రెవల్లీ అనే చేపలకు, బల్లపరుపుగా ఉండే సోల్ చేపలకు దగ్గరి బంధువులని తరువాతి పరిశోధనల్లో తేలింది.

ఇక జన్యువు సంగతి. కొమ్ము కోనాంలో కంటిని తిప్పే కండరాల్లో ఒకదాని కణాలు సంకోచించడం మానేసి, ఒక పొయ్యిలా పనిచేస్తాయి. కణంలోని కాల్షియం నిల్వ సంచి నుంచి రయనోడిన్ గ్రాహకం అనే ప్రోటీన్ ద్వారం గుండా బయటికి వచ్చిన కాల్షియంను సెర్కా అనే ప్రోటీన్ పంపు, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుచేసి మళ్ళీ సంచి లోపలికి తోడుతుంది. ఆ ఖర్చంతా వేడిగా తేలుతుంది. ఈ రెండు ప్రోటీన్ల జన్యువులూ ప్రతి చేప కండరంలోనూ ఉన్నవే. అవి ఏ కణంలో ఎంత మోతాదులో పనిచేస్తాయన్నదే ప్రధానంగా మారింది. క్షీరదాల గోధుమరంగు కొవ్వులో వేడి పుట్టించే యూసీపీ1 జన్యువు కార్ప్ చేపలకూ ఉంది, అయినా అవి చల్లగానే ఉన్నాయి.

రెండవ సమాధానం:
వేడిని పుట్టించడంకంటే నిలుపుకోవడమే చేపకు కష్టం, ఎందుకంటే మొప్పల దగ్గర రక్తం నీటికి ఆనుకుని పారినప్పుడల్లా చల్లబడిపోతుంది. సూర చేపలో ఎర్ర కండరం వెన్నెముక దగ్గరికి జరిగింది. అక్కడికి వచ్చే చల్లని రక్తం, తిరిగి వెళ్ళే వెచ్చని రక్తం పక్కపక్కనే ఎదురెదురుగా పారే సన్నని నాళాల వల ఏర్పడింది. ఇంతటి నిర్మాణాన్ని ఒక్క జన్యువుకు అంటగట్టలేం. ఓపా అనే సముద్రపు చేపలో ఆ వల మొప్పల్లోనే ఉంది కనుక, గుండెతో సహా ఒళ్ళంతా నీటికంటే సుమారు 5 డిగ్రీలు వెచ్చగా ఉంటుందని 2015లో వెల్లడైంది. సూర చేప గుండెకు ఆ భాగ్యం లేదు.

మూడవ సమాధానం:
మొదటి సమాధానానికి ఒక చేర్పు: మోతాదులే కాదు, కొన్ని ప్రోటీన్లూ మారాయి. 2019లో వెలువడిన పరిశోధన ప్రకారం, చల్లని నీళ్ళలో తిరిగే బ్లూఫిన్ సూర జాతులన్నీ ఒకే శాఖకు చెందకపోయినా, వాటి గ్లిసరాల్-3-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ జన్యువుల్లో ఒకే మార్పులు కనిపించాయి. కొత్తగా పుట్టిన ఉత్పరివర్తనలకంటే, పూర్వీకుల్లో అప్పటికే ఉన్న వైవిధ్యంలోంచే ప్రకృతివరణం వీటిని ఏరుకుందని ఆ పరిశోధకుల అభిప్రాయం. తుమ్మెద జాతికి చెందిన బంబుల్‌బీలు ఒంట్లో వేడి పుట్టించుకోవడానికి తోడ్పడేదీ ఈ ఎంజైమే.