రిటైరైన మా నాన్నగారికి బెజవాడలో ఏదన్నా సేవ చేసే పని చెప్తారా?

మాది సత్యనారాయణపురం అండి. నాన్నగారికి 66, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, అమ్మ పోయాక పొద్దున పేపరు సాయంత్రం టీవీ అంతే, మోకాళ్ళ నొప్పులంటూ గుమ్మం దిగరు, ఎవరితోనూ మాట్లాడరు. మొన్న పక్కింటి పిల్లాడికి భిన్నాలు చెప్తుంటే మాత్రం ఆ గొంతే వేరు! అమెరికాలో బాల్టిమోర్‌లో 60 దాటినోళ్ళు వారానికి 15 గంటలు స్కూళ్ళలో పిల్లలకి చదువు చెప్పే ప్రోగ్రామ్ పెడితే వాళ్ళకే నడక, ఓపిక పెరిగాయని చదివా. ఇక్కడ గవర్నమెంట్ స్కూల్లో అలా చెప్పనిస్తారా, హెడ్మాస్టర్‌ని అడిగితే సరిపోద్దా లేక డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు పర్మిషన్ కావాలా? దసరాకి దుర్గమ్మ కొండ దగ్గర సేవ అంటే గంటలు గంటలు నిలబడాలి, ఆయన వల్ల కాదు. కూర్చుని చేసేది, రోజుకో రెండు గంటలు చాలు. డబ్బులేం వద్దు, ఆటో ఖర్చు మేమే పెట్టుకుంటాం. మీ ఇంట్లో పెద్దాళ్ళెవరన్నా ఇలా చేస్తున్నారా?