న్యూజిలాండ్‌లో క్యాంపర్ వ్యాన్: ఐదుగురం, తొమ్మిది రాత్రులు. కుదురుతుందా?

కృష్ణలంక_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మేం ఐదుగురం ఇంజనీరింగ్ నుంచి ఫ్రెండ్స్. ఇద్దరు సిడ్నీలో, ముగ్గురం హైదరాబాద్‌లో ఉంటున్నాం. వచ్చే ఏప్రిల్‌లో న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ వెళ్దామని గట్టిగా అనుకుంటున్నాం. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, సిక్స్ బెర్త్ వ్యాన్ అద్దెకు తీసుకుని, టెకపో, మౌంట్ కుక్, వనాకా, క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్ సౌండ్ చూసుకుని, తిరిగి క్వీన్స్‌టౌన్‌లో వ్యాన్ అప్పగించి విమానం ఎక్కాలని ప్లాన్.

మాలో ఒకడు గుడ్డు కూడా ముట్టడు, రెండు పూటలా అన్నం ఉండాల్సిందే. వాడికోసం రైస్ కుక్కర్ తెచ్చుకుందామనుకుంటున్నాం. రాత్రిపూట వ్యాన్ ఎక్కడైనా ఆపుకుని పడుకోవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు అంటున్నారు, నిజమేనా? టాయిలెట్ సంగతేంటి? డ్రైవింగ్ నేనూ, సిడ్నీ వాడొకడూ చేస్తాం.

వీటన్నిటికంటే నాకున్న అసలు టెన్షన్ వేరే ఉంది. హాస్టల్ వదిలాక మేం రెండు రోజులకు మించి ఒకచోట ఉన్నది లేదు. అందరికీ ముప్పై దాటాయి, ఎవరి అలవాట్లు వాళ్ళకున్నాయి. ఏడు మీటర్ల బండిలో తొమ్మిది రోజులు ఉండి, వెళ్ళినట్టే కలిసి తిరిగి రావాలి. అలా వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారి_గట్టు:

తమ్ముడూ, రెండేళ్ళ కిందట ఇదే రూటులో, ఇదే నెలలో, మీలాగే ఐదుగురం వెళ్ళొచ్చాం. మాది ఎనిమిది రాత్రులు. నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను, సొంతూరు కొవ్వూరు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు రైస్ కుక్కర్ సంగతి. తెచ్చుకోకండి. వ్యాన్‌లో ప్లగ్గులు కనిపిస్తాయి గానీ, హాలిడే పార్కులో (డబ్బు కట్టి రాత్రికి వ్యాన్ ఆపుకునే చోటు) కరెంటున్న చోట ఆపి కేబుల్ తగిలిస్తేనే అవి పనిచేస్తాయి. మిగతా టైంలో లోపలి బ్యాటరీ మీద లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్ ఛార్జింగ్, అంతే. మేం మొదటి రాత్రి టెకపోలో కరెంటు లేని చోట ఆపి, బియ్యం కడిగి కుక్కర్లో పోసి, స్విచ్ వేసి కూర్చున్నాం. అరగంటకి మూత తీస్తే బియ్యం బియ్యంలాగే ఉన్నాయి. ఆ రాత్రి బ్రెడ్డు, ఆవకాయతో పడుకున్నాం. గ్యాస్ పొయ్యి ఉంటుంది, మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ చాలు.

అన్నం వార్చే అలవాటుంటే మాత్రం గంజి సింకులో పోయకండి. సింకులో పోసిందంతా బండి కింద ఒక ట్యాంకులోకి చేరుతుంది, దాన్ని గ్రే వాటర్ అంటారు. మౌంట్ కుక్ నుంచి వనాకా వెళ్తుంటే లిండిస్ పాస్ దగ్గర ఎండ పట్టింది. సింకు కన్నంలోంచి పులిసిన అట్ల పిండి వాసన మొదలైంది. కిటికీలు తీసినా పోలేదు. వ్యాన్లలోని మురుగు పారబోసే డంప్ స్టేషన్‌లో గొట్టం పెట్టి వదిలితే తెల్లగా, జిగురుగా, పప్పు మెతుకులతో సహా బయటికొచ్చింది. అప్పట్నించి కుక్కర్లో అత్తెసరు పెట్టుకున్నాం, కంచాలు టిష్యూతో తుడిచాకే కడిగాం. నీళ్ళు కూడా మిగిలాయి. తాలింపు వేసేటప్పుడు పైకప్పు కిటికీ తీసి, ఫ్యాన్ వేసుకోండి. ఎండుమిరపకాయ మాడిందంటే స్మోక్ అలారం పక్క బండ్లవాళ్ళని కూడా లేపుతుంది.

ఎక్కడైనా ఆపుకోవచ్చన్నది నిజం కాదు. ఏ ఊరి కౌన్సిల్ నిబంధనలు ఆ ఊరివి. ఫ్రీడమ్ క్యాంపింగ్, అంటే డబ్బు కట్టకుండా బయట ఆపుకోవడం, అనుమతి ఉన్నచోట కూడా చాలావరకు సెల్ఫ్ కంటెయిన్డ్ బండికే, అంటే టాయిలెట్, నీళ్ళు, మురుగు ట్యాంకు లోపలే ఉన్న బండికే చోటిస్తారు. 2023లో చట్టం మార్చారు. టాయిలెట్ బండిలోనే బిగించి ఉండాలి, పక్కలు పరిచాక కూడా వాడుకునేలా ఉండాలి. అలా ఉందని ధ్రువీకరించే ఆకుపచ్చ వారంట్ కార్డు ముందు అద్దం మీద కనిపించాలి. తీసుకునేటప్పుడే చూసుకోండి. తప్పు చోట ఆపితే ఫైన్ వందల డాలర్లలో ఉంటుంది. అక్కడి ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ శాఖ, డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్ వాళ్ళ క్యాంప్‌సైట్లు తక్కువ ధరలో బాగుంటాయి. మౌంట్ కుక్ కింద వైట్ హార్స్ హిల్ అలాంటిదే. కరెంటు ఉండదు, వేడి నీళ్ళ స్నానం ఉండదు, కళ్ళు తెరిస్తే ఎదురుగా మంచు కొండలు. మేం రెండు రాత్రులు ఇలాంటి చోట, మూడో రాత్రి హాలిడే పార్కులో అన్నట్టు పెట్టుకున్నాం. మూడో రాత్రి బట్టలు ఉతుక్కోవడం, తలస్నానం, ట్యాంకులు ఖాళీ చేయడం, మంచినీళ్ళు నింపడం అన్నీ అయిపోయేవి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మాలో నెల్లూరు వాడొకడున్నాడు. వ్యాన్ ఇచ్చేటప్పుడు అక్కడి అమ్మాయి టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద మురుగు చేరే డబ్బా) ఎలా తీయాలో చూపిస్తుంటే మిగతా నలుగురం ఫొటోలు తీసుకుంటున్నాం, వాడొక్కడే వంగి చూశాడు. అంతే, ఆ పని వాడి మెడకు చుట్టుకుంది. మేం ఎవరం వాడికి చెప్పలేదు, వాడూ అడగలేదు. పొద్దున్నే లేచి గ్లవ్స్ వేసుకుని వెళ్ళేవాడు, మేం టీ పెట్టేసరికి చేతులు కడుక్కుని వచ్చేవాడు. మంచినీళ్ళ పైపూ వాడే, గ్యాస్ కట్టేయడమూ వాడే.

ఆరో రోజు తె అనౌలో జోరున వాన. డంప్ స్టేషన్ దగ్గర బండి ఆపాం. అలవాటుగా అందరం వాడివైపు చూశాం. వాడు గ్లవ్స్ తీసి బల్ల మీద, మా టీ కప్పుల పక్కన పెట్టి, "ఈరోజు నా వల్ల కాదురా" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. వాన చప్పుడు తప్ప ఏం వినపడలేదు కాసేపు.

నేను దిగాను. పక్కనున్న చిన్న తలుపు తీసి క్యాసెట్ బయటికి లాగితే సూట్‌కేస్‌లా చక్రాలు, హ్యాండిల్ ఉంటాయి. నిండితే ఇరవై కిలోల దాకా తూగుతుంది. మూతి తిప్పి, గాలి పోయే బటన్ నొక్కి పట్టుకుని వంచాలి. నొక్కకపోతే గుడగుడమని మీదకి చిందుతుంది, నాకు చిందింది. రెండుసార్లు నీళ్ళు పోసి ఊపి పారబోసి, టాయిలెట్ మందు కలిపి లోపల పెట్టేసరికి చొక్కా మొత్తం తడిసిపోయింది. లోపలికొస్తే వాడు నాకోసం తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తువ్వాలు చూశాక నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ రాత్రే బిస్కెట్ అట్ట వెనక ఐదు పేర్లు, ఐదు పనులు రాసి ఫ్రిజ్‌కి అంటించాం. క్యాసెట్, నీళ్ళు, వంట, అంట్లు, దారి చూడటం. రోజూ పేర్లు ఒక మెట్టు కిందికి జరిపి పనులు మార్చుకున్నాం. మీరు ఆరో రోజు దాకా ఆగకండి, క్రైస్ట్‌చర్చ్‌లో బండి కదలకముందే రాసుకోండి. క్యాసెట్ డెమో ఐదుగురూ చూడండి.

డ్రైవింగ్ మన వైపులాగే ఎడమ పక్కే. ఒంటి వరస వంతెనలు చాలా వస్తాయి, మీవైపు చిన్న ఎర్ర బాణం ఉంటే మీరు ఆగాలి. వనాకా నుంచి క్వీన్స్‌టౌన్‌కి క్రౌన్ రేంజ్ అనే కొండ దారిలో దూరం తక్కువే గానీ, పెద్ద వ్యాన్లకి అటు వద్దని చాలా అద్దె ఒప్పందాల్లో రాసి ఉంటుంది, క్రోమ్‌వెల్ మీదుగా వెళ్ళండి. మిల్ఫర్డ్‌కి వెళ్ళేముందు తె అనౌలో డీజిల్ ట్యాంకు నింపుకోండి. ఆ దారిలో వచ్చే హోమర్ టన్నెల్ దగ్గర కియా చిలకలు వస్తాయి, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పీకుతాయి. ముచ్చటేసినా తిండి పెట్టకండి, అవి అంతరించిపోయే ముప్పున్న పక్షులు. ఏప్రిల్‌లో ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. చీకట్లో చోటు వెతుక్కోవడం అంత చిరాకు ఇంకోటి లేదు, నాలుగున్నరకే ఆపేయండి.

ఓరుగల్లు_పిల్ల:

పైన అన్న చాలా చక్కగా రాశారు. మేం రెండు జంటలం వెళ్ళాం, పడకల గురించి నేను చెప్తాను. సిక్స్ బెర్త్ అంటే ఆరుగురు పడుకోవచ్చని, హాయిగా అని కాదు. రెండు పడకలు పగలు సోఫా, బల్ల. అంటే అందరికంటే ముందు నిద్రొచ్చేవాళ్ళు అక్కడ పడుకుంటే మిగతావాళ్ళకి కూర్చునే చోటుండదు. వాళ్ళని డ్రైవర్ నెత్తి మీద ఉండే పడకలో వేయండి. ఆ పడకలో కప్పు ముఖానికి దగ్గరగా ఉంటుంది. రాత్రంతా అందరి ఊపిరికీ చలికీ గాజు మీద నీళ్ళు పట్టి, తెల్లారేసరికి చుక్క చుక్కగా నుదుటి మీద పడేవి. ఎంత చలిగా ఉన్నా కిటికీ వేలెడంత తీసి ఉంచాలి.

సూట్‌కేసులు వద్దు, మడతపడే గుడ్డ బ్యాగులు తెచ్చుకోండి. ఐదు సూట్‌కేసులు ఎక్కడా పట్టవు. బండి నడుస్తుంటే వెనక లేచి తిరగడం, పడుకోవడం కుదరదు, అందరికీ బెల్టు ఉండాల్సిందే.

లెక్క_తప్పని_వాడు:

హోటల్ కంటే చవక అని మాత్రం వెళ్ళకండి. అద్దె మీద ఇన్సూరెన్స్ వేరే, డీజిల్ బండికి కిలోమీటర్ల లెక్కన రోడ్డు ఛార్జీ వేరే. నేను వెళ్ళినప్పుడు వెయ్యి కిలోమీటర్లకు సుమారు 76 డాలర్లు పడింది. మీ రూటు 1,200 దాటుతుంది. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో ఇస్తే దానికీ ఛార్జీ ఉండొచ్చు. హాలిడే పార్కుల్లో బండికి కాదు, మనిషికింత అని తీసుకుంటారు. ఐదుగురి మీద పంచుకుంటే మాకు కార్, మోటెల్‌తో ఇంచుమించు సమానంగా తేలింది. అయినా మళ్ళీ వ్యాన్‌లోనే వెళ్తాను. పుకాకి సరస్సు ఒడ్డున తలుపు తీసి, మెట్టు మీద కూర్చుని పళ్ళు తోముకున్న పొద్దుటి కోసం.

ఒక్క జాగ్రత్త. అక్కడ గాలి మామూలుగా ఉండదు. తలుపు తీసేటప్పుడు చేత్తో గట్టిగా పట్టుకోండి. గాలికి తలుపు విరిగితే ఇన్సూరెన్స్‌లో వస్తుందో లేదో ముందే అడగండి.

కృష్ణలంక_కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. ఈ లింక్ మా గ్రూపులో పెట్టాను. మా అన్నం వాడు ప్రెషర్ కుక్కర్ బాధ్యత తనదే అన్నాడు. గోదారి గట్టు అన్నా, ఒక్కటి అడగొచ్చా? మీ నెల్లూరు ఫ్రెండ్‌తో తర్వాత ఎలా ఉంది?

గోదారి_గట్టు:

బాగున్నాం తమ్ముడూ. పోయిన జనవరిలో ఐదుగురం టాస్మానియా వెళ్ళాం, మళ్ళీ వ్యాన్‌లోనే. వాడు ఆ బిస్కెట్ అట్టని దాచి ఉంచి పట్టుకొచ్చాడు, మొదటి రోజు క్యాసెట్ నాది.

ఇంకోటి మర్చిపోయాను. పచ్చళ్ళు, పొడులు తెచ్చుకుంటే దిగేముందు డిక్లరేషన్‌లో తిండి ఉందని తప్పకుండా రాయండి, సీసాలన్నీ ఒకే బ్యాగులో పైన పెట్టుకోండి. రాయకుండా దొరికితే 400 డాలర్ల ఫైన్ అక్కడికక్కడే. తేనె, పచ్చి కరివేపాకు తేవద్దు. మిగతా సరుకులు క్రైస్ట్‌చర్చ్‌లో ఇండియన్ కొట్లలో దొరుకుతాయి, కందిపప్పు కూడా.