రెక్స్, రెక్తే, రాజు: సెవిల్ బిషప్ ఇసిడోర్ చెప్పిన ఒక వ్యుత్పత్తి

మొన్న 'రాజు' మాట మీద నడిచిన చర్చలో ఒకరు కాళిదాసు "రాజా ప్రకృతిరంజనాత్" గుర్తు చేశారు. ప్రజలను రంజింపజేస్తాడు కాబట్టి రాజు అని. దాని కిందే మరో మిత్రుడు, ఇవి వ్యుత్పత్తులు కావండి, చెవికి ఇంపుగా ఉండే అల్లికలు, భాషాశాస్త్రం లేని రోజుల్లో అన్ని దేశాల్లోనూ ఇలాగే అల్లేవారు అని రాశారు. అందులో నిజముంది. కానీ అంతటితో వదిలేస్తే ఒక గొప్ప పండితుడికి అన్యాయం చేసినట్టవుతుంది. అందుకే విడిగా పోస్టు పెడుతున్నాను.

ఐరోపాలో ఈ పనిని అందరికంటే విస్తారంగా చేసినవాడు స్పెయిన్‌లోని సెవిల్ నగర బిషప్ ఇసిడోర్. సుమారు 560లో పుట్టాడు, 636 ఏప్రిల్ 4న చనిపోయాడు. అంతకుముందు ఆ పీఠంలో ఉన్నది ఆయన పెద్దన్న లియాండర్. ఇంకో అన్న ఫుల్జెన్షియస్ కూడా బిషప్పే, అక్క ఫ్లోరెంటీనా సన్యాసిని. స్పెయిన్‌ను అప్పుడు ఏలుతున్న విసిగోతు అనే జర్మానిక్ తెగ రాజులు, క్రీస్తు తండ్రియైన దేవుడితో సమానం కాదనే ఏరియన్ క్రైస్తవ శాఖను వదిలి కాథలిక్ శాఖలోకి మారిన 589 నాటి టొలీడో నగర బిషప్పుల సభలో లియాండర్‌ది ముఖ్య పాత్ర. అంటే ఇసిడోర్ పెరిగింది పుస్తకాల మధ్యనే అయినా, రాజులు ఎలా మారతారో, ఎలా మార్చవచ్చో ఇంట్లోనే చూస్తూ పెరిగాడు. సుమారు 600లో అన్న తర్వాత పీఠమెక్కి, 30 ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాడు.

ఆయన పేరు నిలబెట్టిన పుస్తకం 'ఎటిమాలజీలు', మన మాటల్లో చెప్పాలంటే శబ్దవ్యుత్పత్తులు. వ్యాకరణం, వైద్యం, న్యాయం, జంతువులు, రాళ్లు, ఓడలు, వంటపాత్రలు, ఇలా అప్పటికి తెలిసిన లోకాన్నంతా 20 పుస్తకాల్లో సర్దాడు. ఏ విషయమెత్తినా ముందు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి, ఆ తర్వాతే దాని సంగతి చెబుతాడు. ఈ పుస్తకం బయటికి రావడం వెనక సరగోసా బిషప్ బ్రౌలియో పట్టుదల ఉంది. "అడగడం మొదలుపెట్టి ఇది ఏడో ఏడు" అని అతను రాసిన ఉత్తరం మిగిలింది. చివరికి ఇసిడోర్ ప్రతి పంపుతూ, ఒంట్లో బాగుండక దిద్దలేకపోయాను, మీరే దిద్దండి అని కోరాడు. దాన్ని పుస్తకాలుగా విడగొట్టింది బ్రౌలియోనే. ఇద్దరు బిషప్పుల మధ్య ఈ రాయబారం చదువుతుంటే నాకు మనసు నిండిపోతుంది. చేత్తో రాసిన దీని ప్రతులు వెయ్యికి దగ్గరగా ఈనాటికీ ఉన్నాయి.

ఇక అసలు సంగతి. తొమ్మిదో పుస్తకంలో రాజు గురించి ఆయన రాసిన నాలుగైదు వాక్యాలను దగ్గరగా చూడాలి.

మొదటి మాట: రెగెరె, అంటే ఏలడం లేదా దారిలో నడపడం, దాని నుంచి రెక్స్, అంటే రాజు. వెంటనే రెండో మాట: "నోన్ రెగిట్ క్వి నోన్ కొర్రిగిట్." సరిదిద్దనివాడు ఏలుతున్నట్టు కాదు. మూడోది: సరిగా చేస్తే రాజు అనే పేరు నిలుస్తుంది, పాపం చేస్తే పోతుంది. నాలుగోదిగా, పాతవాళ్ల సామెత ఒకటుంది అంటూ ఇది చెప్పాడు:

"రెక్స్ ఎరిస్ సి రెక్తే ఫకియాస్, సి నోన్ ఫకియాస్ నోన్ ఎరిస్."

సరిగా నడుచుకుంటే నువ్వు రాజువి, నడుచుకోకపోతే కావు.

లాటిన్ రాకపోయినా పైకి చదివి చూడండి. రెక్స్, రెక్తే, రెగిట్, కొర్రిగిట్, అన్నీ ఒకే శబ్దం చుట్టూ తిరుగుతాయి. బడిపిల్లవాడికైనా ఒక్కసారికే నోటికొస్తుంది. నోటికొచ్చాక రాజు అనే మాట విన్నప్పుడల్లా 'సరిగా' అనే మాట వెంట వస్తుంది. ఇసిడోర్‌కు కావలసింది అదే. ఒక పేరు ఎక్కడ పుట్టిందో చూస్తే దాని బలం త్వరగా అర్థమవుతుందని మొదటి పుస్తకంలోనే రాసుకున్నాడు. అన్ని పేర్లకూ ఇలా మూలం దొరకదని, కొన్ని మనుషులు తమ ఇష్టం కొద్దీ పెట్టుకున్నవేనని కూడా అక్కడే ఒప్పుకున్నాడు. కాబట్టి ఆయన్ను అమాయకుడని అనలేం.

మిత్రుడు అన్నట్టు తప్పులున్నాయి, చాలా ఉన్నాయి. రాత్రిని లాటిన్‌లో నోక్స్ అంటారు. అది హాని చేయడం అనే అర్థమున్న నోకెరె నుంచి వచ్చిందన్నాడు. తేనెటీగలు పుట్టినప్పుడు వాటికి కాళ్లుండవు కాబట్టి కాళ్లు లేనివి అనే అర్థంలో అపెస్ అయ్యాయన్నాడు. స్నేహితుణ్ణి అమికుస్ అంటారు, అది 'అనిమి కుస్తోస్', ఆత్మకు కాపలావాడు అన్నాడు. వీటిని ఇప్పుడు ఏ భాషాశాస్త్రవేత్తా ఒప్పుకోడు. ఆ మూడోది తప్పని తెలిసినా నాకు ఇష్టం.

కానీ రెక్స్ దగ్గర ఇసిడోర్ తప్పలేదు. రెక్స్, రెగెరె, రెక్తే మూడూ నిజంగానే ఒకే ధాతువు బిడ్డలు. వంకర లేకుండా తిన్నగా నడపడం అనే అర్థమున్న ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు అది, అంటే సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు వంటి వాటికి మూలమైన భాషలోది. సంస్కృత 'రాజన్' కూడా దానికి చెందినదేనని ఎక్కువమంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. సంస్కృతంలో 'ఋజు' కూడా అక్కడిదే, అంటే వంకర లేనిది. 'ఋజువర్తన' అని మనం అనేటప్పుడు, ఇసిడోర్ 'రెక్తే' అన్నప్పుడు పలికేది ఒకే మూలం. కాళిదాసు చెప్పిన 'రంజ్' ధాతువు మాత్రం వేరు, రంగు వేయడానికి సంబంధించినది. ఇంగ్లీషు దారిలో మన నోటికొచ్చిన కరెక్ట్, డైరెక్ట్, రూలు, చివరికి బస్సు కండక్టరు "రైట్ రైట్" కూడా ఈ కుటుంబమే. వీటిలో మొదటి మూడూ లాటిన్ రెగెరె నుంచి బయల్దేరినవి, రైట్ మాత్రం జర్మానిక్ శాఖ ద్వారా వచ్చింది.

నాకు ముఖ్యమనిపించేది ఇక్కడే. కాళిదాసు, ఇసిడోర్ ఇద్దరూ ఒకే పని చేశారు. చంద్రుడు ఆహ్లాదం ఇవ్వడం వల్ల, సూర్యుడు తపింపజేయడం వల్ల ఆ పేర్లకు తగినట్టుగా, రఘువు ప్రజలను రంజింపజేసి 'రాజు' పేరును సార్థకం చేసుకున్నాడని రఘువంశం నాలుగో సర్గ చెబుతుంది. ఒకరి ధాతువు చరిత్రకు సరిపోయింది, ఇంకొకరిది సరిపోలేదు. అయినా ఇద్దరూ పేరును అర్హతగా మార్చారు. కాళిదాసు ఆ పేరును సంపాదించుకున్న రాజును పొగిడాడు. ఇసిడోర్ ఆ పేరు పోగొట్టుకోగల రాజును హెచ్చరించాడు. ఆ హెచ్చరిక చేసినవాడు రాజుల పక్కన కూర్చునే బిషప్ అన్నది మరిచిపోకూడదు. ఈ పుస్తకాన్ని మొదట అంకితమిచ్చింది కూడా రాజుకే, సిసెబుత్ అనే ఆయనకు. ఆ రాజు చంద్రగ్రహణం మీద లాటిన్ పద్యం రాసినవాడు కూడా.

కింద వచ్చిన ప్రశ్నలకు ఇక్కడే జవాబులు చేరుస్తున్నాను.

బిషప్ అనే మాటకూ ఇలాగే చెప్పాడా అని ఒక మేడమ్ అడిగారు. చెప్పాడండి. గ్రీకులో ఎపిస్కోపోస్ అంటే పైనుంచి చూసేవాడు, లాటిన్‌లో దానికి 'స్పెక్యులాతోర్', అంటే కాపలా చూసేవాడు అని రాశాడు. ఈ పదం పనికి పేరు, గౌరవానికి కాదు అనే మాట ఆయనకు 200 ఏళ్ల ముందే క్రైస్తవ పండితుడు, బిషప్ అగస్టీన్ రాశాడు, ఇసిడోర్ దాన్నే పట్టుకున్నాడు. రాజుకు పెట్టిన కొలతనే తన పదవికీ పెట్టుకున్నాడన్నమాట. మన తెలుగు బైబిల్‌లోని పత్రికల్లో, అంటే అపొస్తలుల లేఖల్లో, ఈ మాటకు 'అధ్యక్షుడు' అని ఉంటుంది. అధి అంటే పైన, అక్షం అంటే కన్ను. గ్రీకు మాటకు ఇంత దగ్గరగా ఉండే అనువాదం దొరకడం కష్టం. కాథలిక్కులు పీఠాధిపతి, మేత్రాణులు అంటారు. వాటిలో ఈ చూపు అనే అర్థం కనిపించదు.

సరిగా నడిచాడో లేదో తేల్చేది ఎవరు అని ఇంకో మాస్టారు అడిగారు. అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇదే. 621లో స్వింతిలా రాజయ్యాక ఇసిడోర్ తన గోతుల చరిత్రలో అతన్ని పేదల తండ్రి అని పొగిడాడు. 631లో సిసెనాండ్ అనే ప్రభువు, పొరుగున ఉన్న ఫ్రాంకుల సైన్యం సాయంతో స్వింతిలాను దించేసి సింహాసనమెక్కాడు. 633 డిసెంబరులో టొలీడోలో 60కి పైగా బిషప్పులు సమావేశమయ్యారు, అధ్యక్షత ఇసిడోర్‌దే. కొత్త రాజు వాళ్ల ముందు నేల మీద పడి కన్నీళ్లతో ప్రార్థించాడు. స్వింతిలా తన నేరాలకు భయపడి తానే రాజ్యాన్ని వదులుకున్నాడని ఆ సభ 75వ తీర్మానంలో రాసింది. రాజుకు చేసిన ప్రమాణం తప్పినవాళ్లను శపించింది. అదే తీర్మానంలో రాజులకూ హద్దు పెట్టింది. ప్రాణం, ఆస్తి పోయే కేసుల్లో రాజు ఒక్కడే తీర్పు చెప్పకూడదని, క్రూరంగా ఏలే రాజు కూడా శాపానికి గురవుతాడని ప్రకటించింది.

కాబట్టి తేల్చింది బిషప్పులు, అదీ గెలిచినవాడు ఎదురుగా ఉన్నప్పుడు. పదేళ్ల కింద పేదల తండ్రి అయినవాడు అప్పటికి నేరస్థుడయ్యాడు. వ్యుత్పత్తి ఎంత చక్కనిదైనా దాన్ని వాడిన చేతులను కూడా చూడాలి. ఇంకో సంగతి కూడా దాచకూడదు. సిసెబుత్ యూదులను బలవంతంగా మతం మార్పించాడు. అతనికి ఉత్సాహం ఉంది కానీ వివేకం లేదని ఇసిడోర్ విమర్శించాడు. ఇకమీదట బలవంతం చేయరాదని 633 సభ కూడా అంది. అయినా అప్పటికే బలవంతంగా మారినవాళ్లు అలాగే ఉండి తీరాలని అదే సభ శాసించింది. దాని భారం మోసినవాళ్లకు 'రెక్తే' అనే మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది. నేను ఇసిడోర్‌ను ప్రేమగా చదువుతాను, ఆ పేజీలను మాత్రం సమర్థించలేను.

ఆ సామెత ఇసిడోర్ సొంతమా అన్నది చివరి ప్రశ్న. కాదండి, పాతవాళ్లదని ఆయనే చెప్పాడు. దానికి 600 ఏళ్ల ముందు రోమన్ కవి హొరేస్ ఒక లేఖలో దాన్ని పిల్లల ఆటలో వినిపించే మాటగా రాశాడు. రోములో రెండో శ్రేణి ప్రభువర్గంలో చేరాలంటే 4,00,000 సెస్టర్సుల ఆస్తి ఉండాలి, ఆరేడు వేలు తగ్గినా నువ్వు సామాన్యుడివే. కానీ ఆడుకునే పిల్లలు "సరిగా చేస్తే రాజువి" అంటారు అని హొరేస్ అంటాడు. ఆస్తి అడ్డు లేని రాజరికం అది.

ఆ ఆటమాట ఇసిడోర్ చేతుల మీదుగా రాజనీతి అయింది, తర్వాత న్యాయగ్రంథంలోకి ఎక్కింది. విసిగోతుల లాటిన్ చట్టాన్ని 13వ శతాబ్దంలో కాస్టీలియన్, అంటే నేటి స్పానిష్ పాత రూపంలోకి తెచ్చిన 'ఫుఎరో హుస్గో' మొదట్లోనే ఇది కనిపిస్తుంది: "రే సెరాస్ సి ఫెసియెరెస్ దెరెచో, ఎత్ సి నోన్ ఫెసియెరెస్ దెరెచో, నోన్ సెరాస్ రే." ఇక్కడ 'రెక్తే' స్థానంలో 'దెరెచో' వచ్చింది. అది లాటిన్ 'దిరెక్తుస్' నుంచి పుట్టిన మాట, మళ్లీ అదే ధాతువు. స్పానిష్‌లో చట్టానికీ, హక్కుకూ, తిన్నగా అనడానికీ ఇప్పటికీ ఆ మాటే వాడతారు.