తిరమిసు: మాట, వంటకం

ప్రశ్న: హోటళ్ల మెనూల్లో ‘టిరమిసు’ అని ఒక తీపి వంటకం చూస్తున్నాను. ఈ ఇటాలియన్ మాటకి అర్థం ఏమిటండీ? ట రాయాలా, త రాయాలా?

జవాబు: త రాయడమే సరైనదండీ. ఇటాలియన్ తకారం మన తకారంలాగే పళ్లకు నాలుక ఆనించి పలికేది. ఇంగ్లీషు మీదుగా మన దగ్గరికి రావడంతో ట అయింది. పలికేటప్పుడు ఊనిక చివరి ‘సు’ మీద.

మూడు ముక్కల వాక్యమే ఇక్కడ పేరైంది. తిర అంటే లాగు, మి అంటే నన్ను, సు అంటే పైకి. మక్కీకి మక్కీ ‘నన్ను పైకి లాగు’ అంటే భావం రాదు. నీరసించిన మనిషికి ఓపిక తెచ్చేది అనే అర్థంలో వాడారు. ఉత్తర ఇటలీలోని వెనెతోలో గుడ్డు పచ్చసొనలో పంచదార వేసి గిలక్కొట్టి, జబ్బుపడి లేచినవాళ్లకీ బాలింతలకీ పెట్టేవారు. దాన్ని అక్కడి మాండలికంలో ‘స్బతుదిన్’ అంటారు. తిరమిసుకి ప్రాణం ఆ మిశ్రమమే.

వెనెతోలోని త్రెవీజో పట్టణంలో ‘లె బెక్కెరీయె’ అనే భోజనశాల ఉండేది. యజమాని ఆదో కంపెయోల్. ఆయన భార్య అల్బా, వంటమాస్టరు రొబెర్తో లింగ్వనొత్తో కలిసి 1970ల మొదట్లో తిరమిసుని తయారుచేశారని త్రెవీజో వాళ్లు చెబుతారు. పక్కనున్న ఫ్రియూలి ప్రాంతం వాళ్లు ఒప్పుకోరు. తొల్మెజ్జోలో నోర్మా పియెల్లి అనే ఆవిడ 1950ల్లోనే తమ హోటల్లో వడ్డించిందంటారు. 2017లో ఇటలీ వ్యవసాయ శాఖ సంప్రదాయ వంటకాల జాబితాలో దీన్ని ఫ్రియూలి పేరున చేర్చింది, వెనెతో భగ్గుమంది. పచ్చసొన అలవాటు ఆ చుట్టుపక్కల ఉన్నదే కాబట్టి, రెండుచోట్లా విడివిడిగా పుట్టి ఉండొచ్చని నాకనిపిస్తుంది.

త్రెవీజో పద్ధతిలో మద్యం లేదు, తెల్లసొన లేదు. 12 పచ్చసొనలు, అరకిలో పంచదార పాలిపోయి నురగలెత్తేదాకా గిలక్కొట్టి, కిలో మస్కర్పోనే (వార్చిన మీగడ) కలుపుతారు. సవొయార్ది బిస్కెట్లని చల్లారిన చిక్కటి కాఫీలో ముంచీ ముంచగానే తీసెయ్యాలి. ఒక్క క్షణం ఆగినా అవి చేతిలోనే విరిగిపోతాయి. బిస్కెట్లు ఒక వరస, క్రీము ఒక వరస, మళ్లీ అలాగే. పైన కోకో పొడి జల్లెడ పట్టి ఫ్రిజ్‌లో పెట్టడమే.

మరో సభ్యురాలు: మస్కర్పోనేని తెలుగులో జున్ను అనొచ్చా అండీ?

జవాబు: వద్దండీ. జున్ను అంటే మనకి ఈనిన పశువు ముర్రుపాలతో చేసేది. మస్కర్పోనే మీగడతో చేస్తారు. మీగడని వేడిచేసి, కాస్త పులుపు తగిలించి, గడ్డకట్టాక గుడ్డలో వేసి నీరు వారుస్తారు. చీజ్ అన్నా ఉప్పగా ఉంటుందనుకుంటారు, ఇది కమ్మగా ఉంటుంది. నేనైతే పేరు అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘వార్చిన మీగడ’ అని రాస్తాను.